గోడ మీది పెద్దాయన

జూన్ 9. ఉదయం నుంచి ముసురు. వంటింటి కుళాయికి వాషరు మార్చాను.

పూజ్యులైన బావగారికి నమస్కారాలు.

ఒక చిన్న విషయం మీకు ముందే చెప్పాల్సింది. మా ఆఫీసు గోడ మీద మీ ఫొటో అంటించాను.

ఒకప్పుడు దుకాణాల బోర్డులు రాసుకున్న నేను ఇప్పుడు ఫోన్ల యాప్‌లకు తెరలు గీసే బృందానికి పెద్దనని మీకు తెలుసు. ప్రస్తుతం ఆసుపత్రి అపాయింట్‌మెంట్ల యాప్ చేస్తున్నాం. మా పనిలో ఒక పద్ధతుంది. ముందుగా ఒక మనిషిని ఊహించి, అతని బతుకంతా రాసి, ఫొటోతో సహా గోడకు అంటిస్తాం. ప్రతి బటన్ దగ్గరా ‘ఇది ఆయనకు అర్థమవుతుందా?’ అని అడుగుతాం. ఫొటో కోసం వెతికితే నా పర్సులో మీదే దొరికింది. కింద రాసిందంతా కల్పితం. చూపు ఆనదు, ఫోనంటే భయం, భార్య మరణించింది, ఒంటరి. అందరూ ‘పెద్దాయన’ అంటున్నారు.

మొదటి తెర మీద ‘మనిషితో మాట్లాడండి’ అనే బటన్ పెట్టాను. అది దండగ, తీసేయమంటున్నారు మా మేనేజరుగారు. పెద్దాయన పేరు చెప్పి ఆపుతున్నాను.

ఇట్లు,
మీ బావమరిది

తా.క. అక్కకు చెప్పనక్కర్లేదు.

* * *

చిరంజీవి బావమరిదికి ఆశీస్సులు.

తపాలా ఆఫీసులో రిటైరైనవాణ్ణి. ఉత్తరం వస్తే సంతోషం. ఆ సంతోషం కవరు చించేదాకానే మిగిలింది. మీ అక్క పక్కనే కూర్చుని బిగ్గరగా చదవమంది. చదివాను. “నన్నెప్పుడు చంపాడట?” అంది. తారీఖు వేయలేదన్నాను.

మేం ఇదివరకు అద్దెకున్న ఇంటావిడ కోడలు మీ ఆఫీసులోనే పనిచేస్తోంది. గోడ చూసి అత్తకు చెప్పింది. నిన్న ఒక పెద్దమనిషి నాకు సంబంధం పట్టుకొచ్చాడు. ఆవిడకూ భర్త లేడట, నెమ్మదస్తురాలట. తలుపు తీసింది మీ అక్కే. “మీరెవరమ్మా?” అని అడిగాడు. “పోయినావిణ్ణి” అంది.

నా భార్యను వెంటనే తిరిగి ఇప్పించగలవు.

ఇట్లు,
మీ బావ

తా.క. ఈమధ్య మెట్లెక్కితే ఆయాసం వస్తోంది. మీ అక్క పెరట్లోకి వెళ్లిందని ఈ ముక్క రాస్తున్నాను.

* * *

జూన్ 20. ఎండ. గొడుగు బాగుచేయించాను.

పూజ్యులైన బావగారికి నమస్కారాలు.

భార్యను ఇవ్వడం కుదరదు. ఇంట్లో సాయానికి ఒకరున్నారంటే ఇక ఆ బటన్ ఎందుకంటారు. ఒంటరితనమే పెద్దాయన బలం. అయినా అక్క బాధపడుతుందని ‘మరణించింది’ కొట్టేసి ‘పుట్టింటికి వెళ్లింది’ అని రాశాను. పుట్టింట్లో మిగిలింది నేనొక్కణ్ణే కాబట్టి అభ్యంతరం చెప్పేవాళ్లు లేరు.

అసలు ఇలాంటి మనిషి ఉన్నాడా, ఉంటే చూపించు అన్నారు మేనేజరుగారు. శుక్రవారం రండి. మీరు యాప్ వాడుతుంటే మేం చూస్తాం. పక్కనున్నవాళ్లు సాయం చేయకూడదు, నోరు విప్పకూడదు. అదీ పద్ధతే.

ఆయాసం డాక్టరుకు చూపించండి.

ఇట్లు,
మీ బావమరిది

తా.క. తెర ముందు కాస్త తడబడితే తప్పేం లేదు.

* * *

చిరంజీవి బావమరిదికి ఆశీస్సులు.

నీ ఉత్తరమూ బిగ్గరగానే చదవాల్సి వచ్చింది. ఆయాసం దగ్గర నేను ఆగాను. మీ అక్క ఆగలేదు, డాక్టరు దగ్గరికి లాక్కెళ్లింది.

శుక్రవారం సంగతి నువ్వు చూశావు. కరెంటు బిల్లు నుంచి మీ అక్క కళ్లజోడు దాకా ఇంట్లో అన్నీ ఫోన్లో కట్టేదీ తెప్పించేదీ నేనే. గాజు గదిలో కూర్చోబెట్టి ఫోనిచ్చేసరికి చెయ్యి ఆగలేదు. అక్షరాలు ఇంకాస్త చిన్నవైనా ఫరవాలేదని సలహా కూడా ఇచ్చాను. మీ మేనేజరు చప్పట్లు కొట్టాక నీ మొహం చూశాను. సోమవారం ఆ బటన్ తీసేస్తామన్నాడు. నన్ను మన్నించు.

పుట్టింటికి వెళ్లిందన్న కబురూ పాకింది. రాజీ చేయడానికి ఇద్దరొచ్చారు. మీ అక్క మంచినీళ్లిచ్చింది. తాగి, “ఆవిడ మంచిదే అయ్యుంటుంది, మేం నచ్చజెబుతాం” అని ఆవిడతోనే అన్నారు.

రేపు ఆసుపత్రిలో చేరాలి. గుండెకేదో సరిచేయాలట.

ఇట్లు,
మీ బావ

తా.క. నా ఫొటో తీసేయ్. ఆ గోడ మీదివాడి గుండె నాకంటే గట్టిది.

* * *

జూలై 1. వాన వెలిసింది. మీ ఇంట్లో దుప్పట్లు ఉతికి ఆరేశాను.

పూజ్యులైన బావగారికి నమస్కారాలు.

మీరు లోపల ఉన్నప్పుడు బయట బెంచీ మీద జరిగింది మీకు తెలియదు.

యాప్‌లో స్కానుకు టైము తీసుకోమని నర్సు చెప్పి వెళ్లింది. ఆ ఆసుపత్రిలో మా యాప్‌నే పరీక్షకు పెట్టారు. మీ ఫోను అక్క చేతిలో ఉంది. నొక్కింది. తెర మొదటికే వచ్చింది. మళ్లీ నొక్కింది. మళ్లీ మొదటికే. నేను పక్కనే కూర్చుని, అలవాటు కొద్దీ నోరు విప్పలేదు.

“ఏంట్రా అలా చూస్తున్నావ్, సినిమానా?” అంది.

ఇన్నేళ్లలో అక్క చేతిలో ఫోను చూడలేదని అప్పుడు తట్టింది. సిగ్గేసి చెయ్యి చాచాను. అప్పటికే తన వేలు ‘మనిషితో మాట్లాడండి’ మీద పడింది. అవతల ఎవరో అమ్మాయి పలికింది. “మా ఆయన లోపలున్నాడమ్మా” అంది అక్క. ఆ తర్వాతా అదే మాట అంది. ఆ అమ్మాయి తొందరపెట్టలేదు. కాసేపాగి ఒక్కొక్కటే అడిగి రాసుకుంది.

సోమవారం మీ ఫొటో తీసేసి అక్కది అంటించాను. మేనేజరుగారు కింద రాసింది చదివి, “భర్త ఉన్నాడుగా, ఆయన నొక్కుతాడు” అన్నారు. “ఆయన మంచం మీద ఉన్నారు సార్, ఈవిడ బయట బెంచీ మీద ఉంది” అన్నాను. మేనేజరుగారు ఇంకోసారి చదివారు. బటన్ ఉంచమన్నారు.

ఫొటోకు అక్క ఒక షరతు మీద ఒప్పుకుంది. మొదటి వాక్యం తనే చెప్పి రాయించింది: ‘భర్త ఉన్నాడు.’ దాన్ని ఎవరూ కొట్టేయకూడదట.

ఇట్లు,
మీ బావమరిది

తా.క. మీ వంటింటి కుళాయి కూడా కారుతోంది. వాషరు తెచ్చాను. విప్పబోతుంటే అక్క క్యారియరు పట్టుకుని గుమ్మంలో నిలబడింది. ఈ ఉత్తరం తనే మీ చేతికిస్తుందట, తొందరగా ముగించమని కాగితం లాగుతోంది. కుళాయి సంగతి—