తుపాకి మందు గరిటె

ఏవండీ,

మీరు పోయి ఇవాళ్టికి ఏడాది. మన బెంటన్‌విల్ ఇంటి గరాజ్‌లో మీరు ఖాళీ తూటాల్లో మళ్ళీ మందు నింపుకునే బల్లకి దుమ్ము దులిపాం. మందు కొలిచే చిన్న గరిటె మన మనవరాలు సాహితి తనే చేసుకుంది: ఖాళీ తూటా గొట్టం, రాగి తీగ కాడ, అడుగున కొలత పెంచి తగ్గించే మర.

"అమ్మమ్మా, కొంచెం హీప్ చేస్తే ఏమవుతుంది?" అంది.

"తుపాకి పగిలిపోతుంది. అన్నం వడ్డించినట్టే మందూ కుప్పగా పోసేవారు మీ తాత. అందుకే పక్కన కూర్చునేదాన్ని. పది గరిటెలు తూకం వెయ్యి. ఒక్కటి తేడా వచ్చినా షూటింగ్ రేంజ్‌కి వెళ్ళేది లేదు."

ప్రతిసారీ కార్డుతో గరిటె అంచుకు సమంగా మందు గీసేసింది. పదీ ఒకటే తూగాయి. ముప్ఫై ఏళ్ళు కెమిస్ట్రీ చెప్పినదాన్ని, నాకే వంక దొరకలేదు.

కాఫీ పెట్టుకోడానికి లోపలికొచ్చాను. సాహితి ఒక్కసారి కూడా పిలవలేదు. మీరైతే ఈపాటికి మూడుసార్లు పిలిచేవారు.