ఎవరి బొమ్మ కింద వారి గుర్తు

శ్రీకాకుళం జిల్లా నరసన్నపేట వాస్తవ్యుడిని, హైస్కూల్లో ముప్పై ఒక్క సంవత్సరాలు డ్రాయింగు మాస్టారుగా పనిచేసి విరమించినవాడిని, పొట్నూరు జగన్నాధాన్ని, డెబ్బై రెండో ఏట రాయించుకుంటున్న మరణశాసనమిది. నాకు చెవి కాస్త మందం, మోకాళ్లు అరిగాయి, బుద్ధి మాత్రం తిన్నగా ఉంది. నాకు మతి చలించిందని వృద్ధాశ్రమం కమిటీవారు ఊరంతా చాటుతున్నారు కనుక డాక్టరుగారి ధ్రువపత్రం కూడా దీనికి జతచేస్తున్నాను. నన్నెవరూ బలవంతపెట్టలేదు. తొందరపెట్టింది కోపం ఒక్కటే.

1. నాకు పిల్లలు లేరు. నా భార్య నీలవేణి పోయి తొమ్మిదేళ్లయింది. ఈ వీలునామా అమలు జరిపే బాధ్యత నా మేనకోడలు, టెక్కలిలో టీచరు, చి.సౌ. పద్మకుమారిది.

2. నా పెంకుటిల్లు పద్మకుమారికి సర్వహక్కులతో చెందవలెను. అయితే వీధివైపు పెద్ద గదిని ప్రతి మంగళవారం, శుక్రవారం మధ్యాహ్నం వృద్ధాశ్రమంలోని వాళ్లు బొమ్మలు వేసుకోవడానికి విడిచిపెట్టవలెను. వారిలో ఒక్కరు మిగిలినా ఈ షరతు చెల్లుతుంది. కారణం కూడా రాయిస్తున్నాను. వీలునామాలో ఈ సొదంతా దేనికని ప్లీడరు గణపతిరావు విసుక్కుంటున్నాడు, విసుక్కోనీ.

ఏడేళ్లు ఆ ఆశ్రమం భోజనశాలలో వాళ్లచేత బొమ్మలు వేయించాను. మొదట తప్పు చేసింది నేనే, అదీ ఒప్పుకుంటాను. భావనపాడు నుంచి వచ్చిన జాలరి దాలయ్య సముద్రాన్ని కాగితం పైభాగాన, ఒడ్డునీ కొబ్బరిచెట్లనీ అడుగున గీశాడు. పుస్తకంలో ఉన్నట్టు ఆకాశం పైన, సముద్రం కింద ఉండాలని నేను ఎర్ర పెన్సిలుతో దిద్దాను. "కెరటం మీద కూకున్నోడికి ఒడ్డు కిందే ఉంటాది మాస్టారూ. మీరు ఒడ్డున నిలబడి సూసినారు," అన్నాడు. మూడు నెలలు మళ్లీ కుంచె ముట్టలేదు. నేనే వెళ్లి బతిమాలుకున్నాను. ఆనాటి నుంచి ఎవరి బొమ్మా దిద్దలేదు.

ఇక ఆ పెద్దమనుషుల సంగతి. మొన్న ఆగస్టులో ఎవరో పెద్ద ఆఫీసరు ఆశ్రమం చూడవస్తున్నాడని కమిటీ ప్రెసిడెంటు నగరేశ్వరరావు, పేటలో కిరాణా వర్తకుడు, గోడల మీది బొమ్మలన్నీ పీకించాడు. పిచ్చిగీతలట. సైనుబోర్డులు రాసే కొండబాబుచేత తామరపూలు, హంసలు, సింహాలు గీయించి, వాటి కింద మా ముసలివాళ్ల పేర్లు రాయించాడు. ఆఫీసరు మెచ్చుకుని దాలయ్య మెడలో దండ వేశాడు, వాడి పేరు రాసిన ఒక హంసకి. అందరూ చప్పట్లు కొడుతుంటే దాలయ్య నా చెవిలో, "ఇది నా సెయ్యి కాదు మాస్టారూ," అన్నాడు. వాడి ముఖం చూసి నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. దొంగతనం చేసినవాడిలా నిలబడ్డాడు, దోచుకోబడ్డవాడు.

పక్షం రోజుల తర్వాత నగరేశ్వరరావు కొట్లో ఎండుమిరపకాయలు కొన్నాను. ఇంటికి వచ్చి పొట్లం విప్పితే ఆ కాగితం మీద దాలయ్య గీసిన సముద్రం. తిరిగి వెళ్లి కొట్టు ముందు నిలబడి నలుగురిలో అడిగేశాను. అడిగిన మర్నాడే ఆశ్రమం గుమ్మంలో నన్ను ఆపారు. రంగుల వాసనకి ముసలివాళ్లకు ఆయాసం వస్తోందట, బొమ్మల పని రద్దు. ఎర్ర జాజుమట్టీ, బియ్యప్పిండీ వాసనకి ఆయాసం వచ్చిన మనిషిని నా డెబ్బై రెండేళ్లలో చూడలేదు. అన్నం పెడుతున్నాం కదా, ఇంకా ఏం కావాలని అడిగాడు మేనేజరు నరసింగరావు. అన్నం పెట్టిన చేత్తో పేరు లాక్కోవచ్చునా అని ఇక్కడ రాసి అడుగుతున్నాను.

3. పైన చెప్పిన నగరేశ్వరరావుకి మా అటక మీది పాత వార్తాపత్రికల కట్టలన్నీ ఇచ్చివేయవలెను. ఇకమీదట పొట్లాలకు వాటిని వాడుకోవచ్చును.

4. కొండబాబు మీద నాకు కోపం లేదు. తానే వచ్చి, "కూలికి గీసినాను మాస్టారూ, పేర్లు రాయమంటే రాసీసినాను, ఎందుకో అడగలేదు," అని తల దించుకున్నాడు. నా కుంచెలలో మంచివి నాలుగు అతనికి.

5. ఆశ్రమంలోని అప్పలనరసమ్మకి నీలవేణి వాడిన సన్నికల్లు. ఆమె నా కుంచె ముట్టదు, ఈతపుల్ల నమిలి దానితోనే గీస్తుంది. ఏడేళ్లుగా ఒకటే గాదె, దాన్నిండా బియ్యప్పిండి చుక్కలు. వేరే ఏదైనా గీయమంటే, "ఇది నిండనీ బాబూ," అంటుంది. ఆ రాయి మీద పిండి మెత్తగా నలుగుతుంది. నీలవేణి ఉంటే తానే తీసుకెళ్లి ఇచ్చేది.

6. <s>నా పన్నెండు రంగుల పెట్టె భావనపాడు దాలయ్యకి చెందవలెను.</s>

ఈ ఆరో అంశం నా ఎదుట, నా సమ్మతితో కొట్టివేయబడినది. సాక్షి సంతకానికి దాలయ్య తానే ముందుకొచ్చాడు. కానుక పుచ్చుకునేవాడు సాక్షి అయితే రేపు కమిటీ కోర్టులో పేచీ పెడుతుందని, రెండిటిలో ఒకటే ఎంచుకోమని గణపతిరావు చెప్పాడు. దాలయ్య పెట్టె మూత తీసి రంగులన్నీ చూసుకుని, మూసి, బల్ల మీద పెట్టేశాడు. "పెట్టె వద్దు బాబూ. నేను గీయని బొమ్మకి నా పేరెట్టీసినారు. నా కళ్లతో సూసిన దానికి నా గుర్తు నేనే ఎడతాను," అన్నాడు. వేలిముద్రకి సిరా దిమ్మ చాపితే పక్కకి నెట్టి కలం అడిగాడు.

1968 నవంబరు 18, సోమవారం, నరసన్నపేట.

(సంతకం) పొట్నూరు జగన్నాధం

సాక్షులు:
1. గణపతిరావు, ప్లీడరు.
2. దాలయ్య, భావనపాడు. తన వల తేలడానికి కట్టే బెండ్లను ఇంకొకరు తమవనకుండా వాటి మీద చెక్కుకునే గుర్తును, స్వహస్తంతో వేసినాడు.