గింజ తీసిన దూది

బోడినాయకనూరు,
18-4-1999.

పేచ్చి అక్కకు, చెల్లెలు విరుమాయి దండం పెట్టి రాస్తున్న ఉత్తరం.

ఇక్కడ అందరం కులాసా. నీ ఉత్తరం రెండు వారాల కిందట శనివారం అందింది. నా మోకాలి సంగతి అడిగావు. నేల మీద బాగానే నడుస్తోంది, మెట్లు కనిపిస్తే మాత్రం మొరాయిస్తోంది. నీ మరిది తంగవేలు బీడీలు మానేశానని అందరికీ చెబుతున్నాడు. చొక్కా జేబు వాసన చూసినప్పుడల్లా నాకు వేరే సంగతి తెలుస్తోంది. బావ దగ్గు తగ్గిందా? పూపారలో కొత్తింటికి మారాక తగ్గుతుందిలే. ఆ ఎస్టేటు కూలీల లైను ఇంటి గోడల చెమ్మే ఆయన ఛాతీలోకి దిగిందని నేను ఎప్పటినుంచో అంటున్నాను.

నలభై ఏళ్ళు తేయాకు బుట్ట మోసి, చివరికి రెండు గదుల సొంతిల్లు కట్టుకున్నావు. నాకు ఎంత గర్వంగా ఉందో రాయడం చేతకాదు. "పదిహేను వందల్లో పదేళ్ళు ఆగే పరుపు ఒకటి చూడు, నా నడుముకి ఇక చాప పనికిరాదు, నీకైతే దూది సంగతి తెలుసు" అని రాశావు. ఆ మాట చదివి కాసేపు ఉత్తరం మడిచి పక్కన పెట్టాను. ఎందుకో తర్వాత చెబుతాను. ముందు పరుపుల సంగతి విను.

మొదట తేని పట్నంలో అద్దాల తలుపులున్న ఆ పరుపుల కొట్టుకి వెళ్ళాం. అన్నీ స్పాంజి పరుపులు. పూల గుడ్డలు, మెరిసే అంచులు. కొట్టులో కుర్రవాడు చేయి పట్టుకుని లాగినంత పని చేశాడు. "పడుకుని చూడండమ్మా, మబ్బు మీద పడుకున్నట్టుంటుంది" అన్నాడు.

"మబ్బు మీద పడుకుంటే కింద పడతాం కదయ్యా" అంటూనే చెప్పులు విడిచి పడుకున్నాను. నీ మరిదికి సిగ్గుతో ప్రాణం పోయినంత పనయింది. "లేవే, జనం చూస్తున్నారు" అంటాడు.

"చూడనీ. వాళ్ళకీ నడుములున్నాయి" అన్నాను.

వెల్లకిలా పడుకుంటే హాయిగానే ఉంది. పక్కకు తిరిగేసరికి తుంటి దిగబడి కింద చెక్క తగిలింది. లేచి చూస్తే, నేను లేచాక కూడా నా ఆకారం అందులోనే పడుకుని ఉంది. "ఎన్నేళ్ళు వస్తుంది?" అని అడిగితే గ్యారంటీ కార్డు చూపించాడు. "మా అక్క పడుకునేది కార్డు మీద కాదు నాయనా" అని బయటపడ్డాం.

పక్క వీధిలో కొబ్బరిపీచు పరుపు చూశాం. గట్టిది, కుంగదు. కానీ పది నిమిషాలు పక్కకు పడుకునేసరికి భుజం నొప్పెట్టింది. మీ కొండల మీద ఆర్నెల్లు మంచు, వాన. పీచు చెమ్మ పట్టిందంటే వాసన వదలదు. పైగా ఒక్కసారి అంచు విరిగితే దాన్ని బాగుచేసేవాడు లేడు.

చివరికి మన కాజా మైదీన్ రావుత్తర్ దగ్గరికే వెళ్ళాను. గుర్తున్నాడా? పాత సంత వెనక పరుపులు కుట్టే ఆయన కొడుకు, మనం దూది షెడ్డుకి పనికి వెళ్ళే దారిలో దబ్బనానికి దారం ఎక్కిస్తూ కూర్చునేవాడు. ఇప్పుడు గడ్డం తెల్లబడింది. నన్ను చూడగానే, "ఒచ్చాయమ్మ చిన్నకూతురివి కదూ" అన్నాడు. అమ్మ పేరు ఆయన నోట విని ఎంతకాలమైందో.

"ఎవరికమ్మా పరుపు?"

"మా అక్కకి."

"వెల్లకిలా పడుకుంటుందా, పక్కకా?"

"బుట్ట మోసిన వీపు రావుత్తరూ. పక్కకే పడుకుంటుంది."

"అయితే నాలుగంగుళాలు చాలదు, ఆరు ఉండాలి. కుట్లు దగ్గర దగ్గరగా పడాలి. లేదంటే ఏడాది తిరిగేసరికి దూదంతా కాళ్ళ దగ్గరికి పారిపోతుంది. గుడ్డ కూడా దగ్గర నేత ఉండాలి, బూరుగు దూది నీళ్ళలాంటిది, సందు దొరికితే కారిపోతుంది."

"పదేళ్ళు వస్తుందా?"

"ఎండ చూపిస్తే వస్తుంది. ఐదేళ్ళకి ఒకసారి కొండ దింపి నాకు తెచ్చివ్వండి. విప్పి, ఏకి, కొత్త గుడ్డలో కుట్టిస్తా. ఆ స్పాంజిని ఎవడు విప్పుతాడు, ఎవడు కుడతాడు?"

నాకు ఆ మాట నచ్చింది. సరే, ఇదే అన్నాను. అప్పుడు అడిగాడు, "గింజ తీసిన దూదా, తీయనిదా? తీసింది నీ డబ్బుకి రాదమ్మా."

"తీయనిదే ఇవ్వండి. నేను తీసుకుంటాను" అన్నాను. ఆయన నవ్వి, "ఈ వయసులోనా?" అన్నాడు.

పదకొండు రోజులుగా అదే పని. పొద్దున్నే గాలి లేవకముందు తలుపులు మూసుకుని, ముక్కుకి గుడ్డ కట్టుకుని కూర్చుంటున్నాను. వేళ్ళ మధ్య దూది పెట్టి నలిపితే గింజ నల్లగా, మిరియంలా జారి పడుతుంది. వేళ్ళు ఏవీ మరిచిపోలేదు. మొదటి రోజే మనం నాడార్ షెడ్డులో ఉన్నట్టయింది. నువ్వూ అమ్మా కర్రలతో బూరుగు కాయలు కొడుతుండేవారు. అమ్మ కర్ర రెండు దెబ్బలు వేస్తే నీ కర్ర ఒక దెబ్బ. నేను మూల కూర్చుని గింజలు ఏరేదాన్ని. దూది పొగమంచులా లేచి మన కనుబొమల మీద, రెప్పల మీద వాలేది. సాయంత్రం బయటికొస్తుంటే నువ్వు వంగి, కర్ర పట్టుకుని, "ముసలమ్మా, కాస్త చెయ్యివ్వవే" అనేదానివి. నేను నోట్లో పళ్ళు లేనట్టు మాట్లాడేదాన్ని. వాగు దగ్గర అమ్మ మనిద్దరి తలలూ కొంగుతో దులుపుతూ, "ముందు పెళ్ళిళ్ళు కానివ్వండే, తర్వాత ముసలివాళ్ళవుదురు" అని నవ్వేది. మొన్న అద్దంలో చూసుకుంటే నా తల మళ్ళీ అలాగే ఉంది. దులిపాను. సగమే రాలింది.

ఇక దాచి లాభం లేదు. చెప్పేస్తాను.

నువ్వు పెళ్ళయి కొండెక్కిన ఏడాది గుర్తుందిగా. బావకి ఎస్టేటులో పని కుదిరింది. కొండ మీద చలి అని అమ్మ రెండేళ్ళుగా కూలిలో కొంత దూదిగా తీసుకుంటూ, గింజ తీసి, రెండు గోనె సంచులు నింపింది. నీకు పద్దెనిమిది, నాకు పదమూడు. మనిద్దరం ఒక్క చాప మీద పడుకునేవాళ్ళం. ఆ చాప మీద నేను ఒక్కదాన్నే ఎలా పడుకోవాలో ఎవరూ అడగలేదు. అందరూ నీ పరుపు, నీ ప్రయాణం అంటున్నారు. ఆ వారమే బట్టల మూటవాడు వచ్చాడు. వాడి దగ్గర ఎర్ర ఓణీ ఒకటి ఉంది. డబ్బు లేదన్నాను. "దూది ఉందిగా పాపా" అన్నాడు.

ఒక సంచి ఇచ్చేశాను అక్కా. ఖాళీ సంచిలో షెడ్డు వెనక కుప్పలోంచి చెత్త దూది తెచ్చి నింపాను. గింజలు, పొట్టు, తొడిమలు అన్నీ ఉన్నాయి. మర్నాడు మధ్యాహ్నం లారీ వస్తుందని అమ్మ హడావుడిగా గుడ్డ కత్తిరించి కుట్టింది. నింపింది నేను. అడుగున చెత్త, పైన మంచిది. "బరువుగా ఉందేమే" అంది అమ్మ. "గట్టిగా కూరాను" అన్నాను.

ఆ వానాకాలం గింజల కోసం ఎలుకలు పరుపును కొట్టేశాయి. మీ అత్త, "మీ అమ్మ కూతురికి పరుపు పెట్టలేదు, ఎలుకలకి మేత పంపింది" అని లైను మొత్తం వినేలా అందట. నువ్వు ఏడుస్తూ అమ్మకి ఉత్తరం రాశావు. అమ్మకి చదువు రాదు కదా. చదివింది నేను.

"మంచి దూది అమ్ముకుని నాకు చెత్త కట్టావా అమ్మా" అన్న చోట చదవడం ఆపేశాను. అమ్మ, "మళ్ళీ చదువు" అంది. మళ్ళీ చదివాను. అప్పుడు నా ఎర్ర ఓణీ వంక చూసింది. షెడ్డు యజమాని భార్య ఇచ్చిందని అంతకుముందు బొంకాను. కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. "కార్డు తీసుకో, రాయి" అంది. "తొందరలో గింజ తీయలేకపోయాను, తప్పు నాదే అని రాయి."

రాశాను. నీ దగ్గరికి వచ్చిన ఆ కార్డులో మాట అమ్మది. అబద్ధం నాది. అక్షరాలూ నావే.

ఆ తర్వాత నువ్వు అమ్మకి ఉత్తరం రాయలేదు. నాకే రాసేదానివి. చివర "అమ్మని అడిగానని చెప్పు" అని కూడా ఉండేది కాదు. ఎప్పుడైనా వచ్చినా బంధువుల ఇంటికి వచ్చినట్టు వచ్చి పోయేదానివి. అమ్మ పోయినప్పుడు కూడా బూడిద చల్లారకముందే బస్సెక్కావు. నేను బస్టాండుదాకా వచ్చాను. చెప్పాలని నోరు తెరిచాను. "నీ నడుము జాగ్రత్త" అన్నాను.

నాకు పెళ్ళయిన ఏడాది ఒకసారి అమ్మని అడిగాను. "ఎందుకమ్మా నీ మీద వేసుకున్నావు? అక్కకి నిజం చెబుతాను" అన్నాను.

అమ్మ చాట పక్కన పెట్టింది. "పిచ్చిదానా, నా మీద కోపముంటే అది నీకు ఉత్తరం రాస్తుంది. నీ మీద కోపమొస్తే ఎవరికి రాస్తుంది? నేనెన్నాళ్ళుంటాను? నేను పోయాక దానికి నువ్వు, నీకు అది. అంతేగా మిగిలేది" అంది. ఆ మాట పట్టుకుని నేను ఇన్నేళ్ళు హాయిగా దాక్కున్నాను. అమ్మ నిన్ను నాకిచ్చి తను ఖాళీ చేతులతో పోయింది.

గత రెండు ఉత్తరాల్లోనూ చివర ఒక చిన్న ప్రశ్న రాశావు. ఊరికే అడుగుతున్నట్టు రాశావు గానీ, ఊరికే కాదని నాకు తెలుసు. "చివర్లో అమ్మ నా గురించి ఏమైనా అందా?" అని. రెండుసార్లూ నేను చూడనట్టే వదిలేశాను. ఇప్పుడు చెబుతాను.

అమ్మకి నడుము పడిపోయాక నేనూ తంగవేలూ మంచి పరుపు తెచ్చాం. అమ్మ ఎక్కలేదు. బతిమాలాను, తిట్టాను. నీ మరిది ఎత్తి పడుకోబెడితే, మెల్లగా దొర్లి చాప మీదికి దిగింది. "పేచ్చి సరైన పరుపు మీద పడుకుందని తెలిసిన రోజు నేనూ పడుకుంటానులేవే" అంది. అన్నట్టుగానే చాప మీదే పోయింది. ఆ పరుపు ఆ తర్వాత ఎవరికో ఇచ్చేశాను, దాన్ని చూడలేక.

అమ్మ అన్నది ఇదీ. ఇన్నేళ్ళూ నీకు రావలసిన మాట ఇది. నా భయం కొద్దీ ఆపేశాను.

నిన్నటితో గింజ తీయడం అయింది. ఇవాళ రావుత్తర్ ముంగిట్లో నేనే దగ్గర కూర్చుని నింపాను. అడుగునా, మధ్యనా, పైనా ఒకే దూది. ఆయన కుడుతుంటే పక్కన కూర్చుని ఈ ఉత్తరం రాస్తున్నాను. డబ్బు నువ్వు పంపిన దాంట్లోనే సరిపోయింది, దిండు మాత్రం నా తరఫున. కొత్త పరుపు నాలుగు రోజులు ఎండలో వెయ్యి, కర్రతో కొట్టకు, చేత్తో తట్టు. మంచు పట్టే నెలల్లో పొయ్యి గదికి దగ్గరగా వేసుకో.

ఉత్తరం నాకంటే ముందు చేరాలని ఇవాళే పోస్టు చేస్తున్నాను. వచ్చే ఆదివారం పొద్దుటి బస్సు టాప్ మీద పరుపు వేసుకుని వస్తాను. పూపార స్టాపులో ఎవరూ లేకపోతే నాకు అర్థమవుతుంది. పరుపు టీ కొట్టువాడికి అప్పగించి అదే బస్సులో తిరిగి వచ్చేస్తాను, ఏమీ అనుకోను. నువ్వే వస్తే మాత్రం నన్ను రోడ్డు మీద ఏమీ అనకు. ఇంటికి తీసుకెళ్ళు. పరుపు పరిచి, ముందు నువ్వు పడుకో. పక్కకు తిరిగి, నీకు అలవాటైనట్టు పడుకో. అమ్మ అడిగింది అదొక్కటే. అది అయ్యాక నన్ను ఎంతసేపైనా తిట్టు, కింద కూర్చుని వింటాను.

బావకి నా నమస్కారాలు చెప్పు.

ఇట్లు,
నీతో ఒకే చాప పంచుకున్న చెల్లెలు,
విరుమాయి.