బర్త్‌డే బాక్సులో పడిన రెండు యూరోల బిళ్ళ

మే 2012, ఆదివారం రాత్రి, ఇర్వింగ్, అమెరికా

దేవుడికి స్తోత్రం, బిళ్ళ దొరికింది.

పొద్దున చర్చిలో మా గ్రేసీ చేత పుట్టినరోజు కానుకలు వేసే బర్త్‌డే బాక్సులో ఏడేళ్ళకు ఏడు నాణేలు వేయించాను. ఇంటికొచ్చి చూస్తే ఆయన టేబుల్ మీది రెండు యూరోల బిళ్ళ లేదు. జర్మనీలో నర్సుగా చేసిన వదిన, ఆయన అక్క, దాని మీద అక్కడి కొలోన్ ఊరి పెద్ద చర్చి బొమ్మ ఉందని, చనిపోయే ముందు తమ్ముడికి పంపింది.

"చర్చ్ పిక్చర్ ఉంది కదా మమ్మీ, జీసస్‌కి నచ్చుతుంది అని వేశా," అంది గ్రేసీ.

ఆయనతో చెప్పే ధైర్యం లేక, పాలు తెస్తానని కారు తీసి, కానుకలు లెక్కపెట్టే వాళ్ళింటికి వెళ్ళాను. చర్చి ట్రెజరర్ శామ్యూల్ గారు తలుపు తీస్తూనే నవ్వారు.

"యూరో బిళ్ళ మీదేనా అమ్మా? బ్యాంకులో తీసుకోరని పక్కన పెట్టాను."

బదులుగా డాలరిచ్చి తెచ్చుకున్నాను. చడీచప్పుడు లేకుండా దాని చోట దాన్ని పెట్టేశాక గాని ప్రాణం కుదుటపడలేదు.

ఇందాక పడుకోబోయే ముందు ప్రార్థనలో గ్రేసీ, "జీసస్, మమ్మీ నీ కాయిన్ బ్యాక్ తీసేసుకుంది. ప్లీజ్, యాంగ్రీ అవ్వకు," అంది.

పక్కనే మోకరించిన ఆయన ఒక కన్ను తెరిచి, నన్ను చూసి, "ఆమెన్" అన్నారు.