జీతం లేని విదేశం

ప్రేమగల బాపుకు,

నీ బిడ్డ ప్రవళిక థాయిలాండ్ నుంచి దండం పెట్టి రాస్తున్నది. ఫోన్ ఉండగా ఈ ఉత్తరమేమిటని నవ్వకు. ఏళ్ల తరబడి మరమగ్గాల సాంచాల మోత విన్న చెవులు నీవి. వీడియో కాల్‌లో నేను మాట్లాడితే నీకు సగం వినబడదు, మిగతా సగం అవ్వ చెప్తుంది. అవ్వ చెప్పడమంటే తెలుసు కదా, తన మనసులో ఉన్నదే నా మాటగా చెప్పేస్తుంది. మొన్న నేను కడుపు నిండా తిన్నానంటే నీకు "తింటలేదట, చిక్కిపోయిందట" అని చెప్పింది, నేను ఈ పక్క నుంచి చూస్తూనే ఉన్నాను. అందుకే కాగితం మీద రాసి ఫోటో తీసి పంపుతున్నాను. పని నుంచి వచ్చాక తీరిగ్గా కూర్చుని, రెండు వేళ్లతో పెద్దగా చేసుకుని చదువుకో.

నేనిక్కడ బాగున్నాను. బడి పెద్దది, చుట్టూ ప్రహరీ, ముందర పూలచెట్లు. నాకిచ్చిన గదిలో ఫ్యాను ఉంది, కిటికీ తెరిస్తే వరి పొలాలు కనిపిస్తాయి, మన ఊరి పక్క వీర్నపల్లి దిక్కు వచ్చినట్టే ఉంటుంది. మూడు పూటలా అన్నమే. ఆ అన్నం జిగటగా ఉంటుంది, చేత్తో ముద్ద చేసుకుని తినాలి. చెప్పులు బయట విడిచి తరగతిలోకి వెళ్లాలి. పొద్దున్నే అందరూ వరుసగా నిలబడి వాళ్ల జాతీయ గీతం పాడతారు. హెడ్‌మాస్టరమ్మ చాలా మర్యాదస్తురాలు. నాలాగే ఇంగ్లిషు చెప్పడానికి స్వచ్ఛందంగా వచ్చిన ఐర్లాండ్ అబ్బాయి ఒకడున్నాడు, పేరు కానర్. మంచివాడే.

మన వాడ మూలమలుపులో మధుకరన్న కట్టించిన ఫ్లెక్సీ ఇంకా ఉందా? "విదేశీ గడ్డపై సిరిసిల్ల బిడ్డ" అని రాసి, నా డిగ్రీ ఫోటోకు అంత పౌడరు ఎవరు పూశారో తెలియదు. రాజలక్ష్మి చిన్నమ్మ దాని కింద నిలబడే కదా నన్నడిగింది, "జీతం లేని విదేశమేందే? మనోళ్లు దుబాయికి పోతే పైసలొస్తయి. నువ్వు పోతే ఏమొస్తది?" అని. అనుభవం వస్తుందన్నాను. "గా అనుభవం కిలో ఎంతకు పోతది?" అంది. ఊరంతా ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి అని వాళ్లు నవ్వుకుంటే నవ్వుకోనీ. మార్చిలో సెలవులిచ్చేదాకా ఇక్కడే ఉంటాను. నా గురించి దిగులు పెట్టుకోవద్దు.

నీ బిడ్డ,
ప్రవళిక టీచర్


బిడ్డా ప్రవళికా,

నీ ఉత్తరం ముట్టింది. నాకు పుస్తకాల రాత రాదు, మాట్లాడినట్టే రాస్తున్న. తప్పులుంటె ఎర్ర పెన్నుతోని కొట్టకు టీచరమ్మా. ఫోటోల నా బొటనవేలు పడ్డది, దాన్ని గూడ ఏమనకు.

అవ్వకు చదివి ఇనిపించిన. ముద్దలు చేసుకొని తింటున్నదట అని వాడకట్టంత చెప్పుకుంట తిరుగుతున్నది. కని నిన్నొక మాట అడుగుత.

నువ్వు బడికి పోయే ఈడు అచ్చెదాక నేను దుబాయిల ఉంటి. అక్కడినుంచి ఉత్తరాలు రాస్తుంటి. రూము మంచిగున్నది, బువ్వ మంచిగున్నది, సేటు మంచోడు అని రాస్తుంటి. అవన్ని అబద్ధాలు కావు. కని పని సంగతి మాత్రం రాయకపోదును. ఎండల రాళ్లు మోసేటోడు రాళ్ల గురించి ఏమని రాస్తడు? అందుకే బువ్వ గురించి రాస్తడు.

నీ ఉత్తరం గట్లనే ఉన్నది బిడ్డా. ఫ్యాను రాసినవు, పొలాలు రాసినవు, చెప్పులు రాసినవు. పాఠం చెప్పవోయినదానివి ఒక్క పోరగాని పేరు రాయలే. జగిత్యాలల డిగ్రీ చదువుకుంట ఆదివారం ఇంటికస్తే మన వాడ పిల్లలకు ట్యూషన్ చెప్తుంటివి. బువ్వ తినెదాక గా పిల్లల ముచ్చటే. ఎవని ముక్కు కారింది, ఎవ్వతి పలక పలిగింది, ఇవే ముచ్చట్లు. నేను సగం ఇనకపోయినా నీ మొఖం చూసుకుంట కూసుందును.

ఏమైంది బిడ్డా? ఉన్నదున్నట్టు రాయి.

నీ బాపు,
నర్సయ్య


బాపూ,

నీ ఉత్తరం చదవగానే ముందు కోపమొచ్చింది. పట్టుబడ్డ దొంగకు వచ్చే కోపం. తర్వాత ఏడుపొచ్చింది. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందంటారు. పడితే పడనీ, నీ దగ్గర దాచి ఏం చేస్తాను.

నాకు తరగతి లేదు బాపూ. బడి తెరిచిన రోజు తల్లిదండ్రులంతా వచ్చారు. హెడ్‌మాస్టరమ్మ కానర్‌నూ నన్నూ పక్కపక్కన నిలబెట్టి పరిచయం చేసింది. కానర్‌ను చూసి చప్పట్లు కొట్టారు. నన్ను చూసి ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. మర్నాడు ఆమె నన్ను గదిలోకి పిలిచి, చల్లటి నీళ్లిచ్చి, చాలా మెత్తగా చెప్పింది. "మీరు మంచి టీచరే కావచ్చు. కానీ ఇక్కడివాళ్లు తెల్లవాళ్లు చెప్తేనే అది ఇంగ్లిషని నమ్ముతారు. కొన్నాళ్లు ఆఫీసులో సాయం చేయండి." నేను నవ్వి, సరే మేడమ్ అన్నాను. ఆ కొన్నాళ్లు ఇంకా అవుతూనే ఉన్నాయి.

నా పనేమిటంటే అట్టముక్కల మీద అక్షరాలు, జంతువుల బొమ్మలు కత్తిరించడం. ఏనుగును కత్తిరించేది నేను, దాన్ని చేత పట్టుకుని పిల్లలతో పేరు చెప్పించేది కానర్. అతను చదివింది చేపల గురించి. పాపం, అతని తప్పేమీ లేదు. రేపటి పాఠం ఎలా మొదలుపెట్టాలని నన్నే అడిగి వెళ్తాడు, నేను చెప్తాను, గోడ అవతల అతను దాన్నే చెప్తుంటే వింటాను. పిల్లలు అతనికి వంగి దండం పెడతారు. నేనెవరో వాళ్లకు తెలియదు, అట్టలు తెచ్చే మనిషిని.

మొన్న బడి కొత్త పోస్టరు కోసం టీచర్లందరి ఫోటో తీయాలన్నారు. నేనూ జుట్టు సర్దుకుని, అవ్వ కొనిచ్చిన నీలం చీర కట్టుకుని వెళ్లాను. హెడ్‌మాస్టరమ్మ తన ఫోన్ నా చేతికిచ్చి, "మా అందరినీ తీయండి" అంది. అందరూ నా వైపు చూసి ఎంత చక్కగా నవ్వారో. నేను కూడా నవ్వుతూ రెండు మూడు తీశాను. గదికి వచ్చాక చీర మడత పెట్టలేక మంచం మీద అట్లాగే పడేశాను.

జీతానికి వచ్చి ఉంటే, పోనీలే పైసలొస్తున్నాయి కదా అనుకునేదాన్ని. నేను వచ్చిందే పాఠం చెప్పడానికి. అదీ లేకపోతే ఇక్కడ నాకేముంది? అందుకే వెళ్లిపోవాలని నిర్ణయించుకున్నాను. కానీ సిరిసిల్లకు రాను. డిగ్రీలో నాతో చదివిన కోరుట్ల శ్రీలత ఇప్పుడు హైదరాబాదులో ఉద్యోగం చేస్తోంది, తన గదిలో ఉండమన్నది. మార్చి దాకా అక్కడే ఏదో ఒక పని చూసుకుని, వెనకాల ఒక పరదా కట్టుకుని మీకు వీడియో కాల్ చేస్తాను. పరదా వెనక ఏ దేశముందో ఎవరికి తెలుస్తుంది? నీకూ ఇదే అబద్ధం చెప్పాలనుకున్నాను. నువ్వు అడిగావు కాబట్టి చెప్పేశాను. ఆ ఫ్లెక్సీ కింది నుంచి సంచి మోసుకుంటూ ఇంటికి నడిచి రావడం నా వల్ల కాదు బాపూ. అవ్వకు మాత్రం చెప్పకు, ఈ ఒక్క సాయం చెయ్యి.

నీ బిడ్డ,
ప్రవళిక


బిడ్డా,

హైదరాబాదు వద్దు, పరదాలు వద్దు. ఇంటికి రా.

పొద్దుగాల నిచ్చెన తెచ్చి ఫ్లెక్సీ ఇప్పిన. మధుకర్ ఉరికచ్చి "ఏంది కాకా, బిడ్డ ఫోటో తీసేస్తున్నవు?" అన్నడు. నా బిడ్డ తొవ్వకు అడ్డమున్నది అన్న. ఆనికి సమజు కాలే. ఇంటికి తెచ్చి అవ్వ బీడీల ఆకు తడువకుండ కప్పిన.

అవ్వకు చెప్పద్దన్నవు. చెప్పిన. కోపం చెయ్యకు. గామె నీ తల్లి, నీ దుఃఖం గామెకు చెప్పకుంట నేనొక్కణ్ణి మొయ్యలేకపోయిన. ఇనుకుంట బీడీలు చుట్టుకుంటనే ఉన్నది. ఆఖరికి "తెల్లగుంటెనే పంతులైతే మన సున్నపు గోడ గూడ పాఠం చెప్పాలె గద" అన్నది. తర్వాత కొంగు మొఖానికి పెట్టుకొని ఏడ్చింది. ఏడ్చుకుంటనే "రమ్మని రాయి, సర్వపిండి చేసి పెడ్త" అన్నది.

ఇగ నా ముచ్చట ఇను. గీ ముచ్చట ఇన్నేండ్లు మీ అవ్వకు గూడ చెప్పలే, నిన్ననే చెప్పిన. నేను బాగున్న అని దుబాయి నుంచి రాస్తుంటి. ఇక్కడినుంచి మీ తాత, అందరం బాగున్నం, రంది పడకు అని రాస్తుండె. ఒకలికొకలం బాగున్నమని రాసుకుంటనే ఏండ్లు ఎల్లదీసినం. ఉత్తరం రాంగనే నేను ముందుగాల కింది వరుస చూస్తుంటి బిడ్డా. "రారా నర్సిగా, ఇగ చాలు" అని ఒక్కపారన్న రాస్తరేమో అని. ఎవ్వలు రాయలే. వాళ్ల తప్పు గాదు. నేను బాగున్న అంటె నమ్మిన్రు. నేను అస్త అందామంటె నాకు ఇజ్జత్ అడ్డమచ్చింది. అందుకనే గన్నేండ్లు గాడనే ఉన్న.

నీకు ఎవ్వలు రాయకుంట ఉండద్దు. అందుకే నేను రాస్తున్న. రా బిడ్డా, ఇగ చాలు. నలుగురు నవ్వుతె నా చెవులకు ఎట్లాగు ఇనవడదు. ఎప్పుడస్తవో చెప్పు, బస్టాండుకు నేనే అస్త.

నీ బాపు


నా బాపుకు, పక్కన కూర్చుని వింటున్న అవ్వకు,

మీ ఉత్తరం ఆఫీసు గదిలో చదివాను. చదివాక కత్తెర కింద పెట్టి నేరుగా హెడ్‌మాస్టరమ్మ దగ్గరికి వెళ్లాను. వెళ్లిపోతున్నానని చెప్పాను. ఇన్నాళ్లూ ఇక్కడి నుంచి పంపిస్తే ఎక్కడికి పోవాలో తెలియని భయంతో రోజూ నవ్వుతూ తలూపాను. ఆ రోజు భయం లేదు, బస్టాండులో నువ్వుంటావని తెలుసు. అందుకే మనసులో ఉన్నదంతా చెప్పేశాను. "పాఠం చెప్పడానికి దేశం దాటి వచ్చాను, నాకు పాఠం ఇవ్వలేదు. ఫోటోలో చోటివ్వకుండా ఫోన్ చేతికిచ్చారు, అది నాకు చాలా బాధనిపించింది" అన్నాను.

ఆమె నన్ను కూర్చోబెట్టింది. తర్వాత, "మీకు ఆ పని ఇష్టమేననుకున్నాను. ఎప్పుడూ నవ్వుతూనే ఉన్నారు కదా" అంది. నాకు సిగ్గేసింది. ఆమెకు కూడా నేను బాగున్నాననే ఉత్తరమే రాశానన్నమాట. అలాగని ఆమె చేసింది సరైనదని అనను. ఆ మాటా చెప్పాను. వెళ్లేదాకా ఏదైనా తరగతి తీసుకుంటారా అని అడిగింది. తీసుకుంటానన్నాను.

మధ్యాహ్నం అన్నం తిన్న తర్వాత రెండో తరగతి. ఎవరూ కోరుకోని వేళ అది, పిల్లలు తూగుతుంటారు. మొదటి రోజే ఒకడు బల్ల మీద తలపెట్టి గురక పెట్టాడు. వాడిని ఇంట్లో పిలిచే పేరు బ్యాంకు. అబద్ధం కాదు, ఇక్కడ పిల్లలకు అలాంటి ముద్దుపేర్లే పెడతారు. ఐస్ అనే పిల్ల నా ముక్కుపుడకను ముట్టుకుని, నొప్పి పెట్టదా అని సైగలతో అడిగింది. పెట్టదని చెప్పడానికి పాటకట్టి, చేతులు తిప్పి, నానా తంటాలు పడ్డాను. బ్యాంకు కూడా లేచి కూర్చున్నాడు. కిటికీ బయట ఇద్దరు తల్లులు నిలబడి చూశారు. ఒకామె మూతి తిప్పుకుని వెళ్లిపోయింది. ఇంకొకామె గంట కొట్టేదాకా అక్కడే ఉంది, వెళ్తూ నన్ను చూసి చిన్నగా తలవంచింది. పోస్టరులో నేను ఇప్పటికీ లేను. పెద్ద తరగతులన్నీ కానర్‌వే. పెద్దగా ఏమీ మారలేదు బాపూ, నాకొక గంట దొరికింది, అంతే.

టికెట్ తీసుకోలేదు. అవ్వా, సర్వపిండి మార్చిలో తింటాను, ఇప్పుడే పిండి కలపకు. రమ్మంటే రానంటుందేమిటి ఈ పిల్ల అని తిట్టుకోకండి. ఉండు, ఓర్చుకో, నలుగురిలో నవ్వులపాలవుతామని బాపు రాసి ఉంటే, మర్నాడే శ్రీలత గదికి పారిపోయి ఉండేదాన్ని.

బాపూ, నిన్నెవరూ రమ్మనలేదు కాబట్టి నువ్వు ఉండిపోయావు. నన్ను నువ్వు రమ్మన్నావు. అందుకే ఉంటున్నాను.

మీ బిడ్డ,
ప్రవళిక