కాగితం వెనక తూకాలు

స్టేషన్ ఘన్‌పూర్,
8 సెప్టెంబర్ 2025.

పూజ్యులైన సోమనర్సయ్య మామయ్యకు, మేనకోడలు రిషిత నమస్కారాలు.

ఫోన్ చేసినప్పుడల్లా "సిగ్నల్ లేదు బిడ్డా" అని పెట్టేస్తున్నావు. కాగితానికి సిగ్నల్ అక్కర్లేదు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను.

జనగామ కాలేజీలో నాకు బీఎస్సీ సీటొచ్చింది. ల్యాబ్, ఆపరేషన్ థియేటర్, డయాలిసిస్‌లలో ఒకటి ఎంచుకోవాలి. ఫీజు, హాస్టల్ కలిపి ఐదు లక్షలు. బ్యాంకు అప్పిస్తుంది గానీ జామీను సంతకం కావాలట. చదువయ్యాక నెలకు ఎనిమిది వేల కిస్తీ, పదేళ్ళు కట్టాలి. నాన్న లేడు, అమ్మ కిరాణా కొట్టును బ్యాంకు లెక్కలోకే తీసుకోలేదు. అక్టోబర్ పదిహేను దాటితే సీటు పోతుంది.

ఫారం ఇందులోనే పెట్టాను. పెన్సిల్ గుర్తున్న చోట సంతకం పెట్టి పంపించు.

నీ కోడలు,
రిషిత

తా.క.: అమ్మ కారం పంపమంటోంది. ముందు సంతకం, తర్వాత కారం.

—

టేకుమట్ల,
13 సెప్టెంబర్.

చిరంజీవి రిషితకు మామ ఆశీస్సులు.

ఫారం అందింది. ముప్పై ఏళ్ళుగా మిర్చి వ్యాపారం చేస్తున్నాను. కాయ విరిచి చూడకుండా ఒక్క బస్తా కొనలేదు. నీ చదువునూ అలాగే విరిచి చూస్తున్నాను.

భూపాలపల్లి దవాఖానలో రూతు అనే ఆమె ఉంది. నీలాంటి చదువే అప్పు చేసి చదివింది. కొత్తలో జీతం పన్నెండు వేలు, అందులో ఆరు వేలు కిస్తీకే పోయేది. పదేళ్ళకు జీతం ఇరవై రెండు వేలైంది. అప్పు నిరుడే తీరింది. తమ్ముళ్ళను చదివిస్తూ పెళ్ళి మాటే మరిచిపోయింది. వ్యాపారంగా చూస్తే ఇది నష్టపు బేరం.

ఇంకా విచారిస్తాను. ప్రతి మంగళవారం, శుక్రవారం ఆమె దగ్గర నాలుగు గంటలు కూర్చుంటున్నాను, కాబట్టి తొందరేమీ లేదు. జామీను అంటే పదేళ్ళ మాట. పదేళ్ళు నిలబడే సంతకం కావాలి.

మీ మామ,
సోమనర్సయ్య

తా.క.: వెనకవైపు అంకెలున్నాయి, పట్టించుకోకు. ఒకవైపు తెల్లగా ఉన్న కాగితాన్ని పారేయడం నాకు చేతకాదు.

—

స్టేషన్ ఘన్‌పూర్,
19 సెప్టెంబర్.

మామయ్యకు నమస్కారాలు.

పట్టించుకోవద్దన్నావు కాబట్టి ముందు వాటినే చూశాను. పొద్దున ఎనిమిదింటికి 63.5, పన్నెండింటికి 61. ఇంకో రోజు 64, 61.2. బస్తా నలభై కిలోలకు మించి నింపేవాడివి కాదు, అరవై దాటిస్తున్నావంటే కొత్త పద్ధతేమో. కానీ నాలుగు గంటల్లో రెండున్నర కిలోల తరుగు ఏ ఎండకూ రాదు. నీ గోదాంలో దొంగ ఉన్నాడు. తాళం చెవులు కాటమయ్య దగ్గరే ఉంటాయి కదా, అతన్ని పనిలోంచి తీసెయ్.

అమ్మ ఆలోచన వేరే దారిలో ఉంది. నీ ఉత్తరం రెండుసార్లు చదివించుకుంది. "జీతం అడగనీకి ఒక్కపూట సాలదా? వారానికి రెండు మాట్ల పోయి గా రూతు దగ్గర కూసుంటడా? వదిన పోయి ఆరేండ్లాయె. చేసుకుంటే చేసుకోనీ, చెల్లెకొక్క మాట చెప్పొద్దా?" అంటోంది.

నాకు అదంతా వద్దు. సంతకం కావాలి.

రిషిత

తా.క.: మహబూబాబాద్ సంజీవ చిన్నాన్ననూ అడిగాం. ఆయన ఫోన్‌కు సిగ్నల్ బాగానే ఉంది. సంతకం అనేసరికి పెన్నులో సిరా అయిపోయింది.

—

టేకుమట్ల,
26 సెప్టెంబర్.

చిరంజీవి రిషితకు.

కాటమయ్య నా గోదాంలో ఒక్క తొడిమ కూడా ముట్టడు. ఆ తరుగు ఎవరి దొంగతనమూ కాదు. ఆ సంగతి వదిలెయ్.

రూతు గురించి అలా మాట్లాడినందుకు మీ అమ్మ మీద కోపమొచ్చింది. ఆమె లేకపోతే నాకు వారం గడవదు. అంతకంటే చెప్పను.

సంతకం మాటకొస్తే, నన్ను వదిలేయండి. నేను పదేళ్ళకు మాట ఇవ్వలేను. మధ్యలో ఏదైనా అయితే ఆ అప్పు మీ అమ్మ నెత్తిన పడుతుంది. పిసినారి అనుకుంటావు, అనుకో.

మీ మామ,
సోమనర్సయ్య

తా.క.: ఐదు కిలోల కారం బస్సులో పంపుతున్నాను. నేను తినడం మానేశాను. మీరైనా తినండి.

—

జనగామ,
6 అక్టోబర్.

మామయ్యకు,

ఈరోజు సీటొచ్చిన వాళ్ళందరినీ కాలేజీ దవాఖాన చూడమన్నారు. డయాలిసిస్ గదిలో ఒక పెద్దాయన తూకం మీద నిలబడ్డాడు. 58 అని రాశారు. చేతికి గొట్టాలు పెట్టి నాలుగు గంటలు కూర్చోబెట్టారు. మళ్ళీ తూకం వేసి 56 అని రాశారు. నీ ఉత్తరం వెనక ఉన్న గీతల కాగితమే, అవే గళ్ళు.

ఆ బస్తా నువ్వే మామయ్యా.

నేను మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. కాటమయ్యను దొంగ అన్నందుకు ఏడ్చాను, నిన్ను మనసులో పిసినారి అన్నందుకు ఇంకా ఎక్కువ ఏడ్చాను. ఇలా ఎన్నాళ్ళు ఉంటారని అక్కడి సారును అడిగాను. "మానకుండ వస్తె ఏండ్లకేండ్లు ఉంటరు బిడ్డా. మానేస్తెనే కష్టం" అన్నాడు.

నేను డయాలిసిస్ ఎంచుకున్నాను. ఫారంలో నీ ఆస్తి అడిగారు, వయసు అడిగారు. పదేళ్ళు ఉంటావా అని అడిగిన గడి ఎక్కడా లేదు. నువ్వు సంతకం పెట్టి మాట తప్పిన మనిషివి కాదు. అందుకే పెట్టమంటున్నాను.

నీ రిషిత

తా.క.: అమ్మకు నేనేమీ చెప్పలేదు, అది నువ్వే చెప్పాలి. త్వరగా చెప్పు. "అన్న సుఖంగుంటె నాకు గంతే సాలు" అంటూ రూతుకు పట్టుచీర కొంది. శుక్రవారం పొద్దున భూపాలపల్లికి బయలుదేరుతోంది.

—

భూపాలపల్లి,
10 అక్టోబర్, శుక్రవారం.

చిరంజీవి రిషితకు మామ ఆశీస్సులు.

కుర్చీలోనే రాస్తున్నాను. గొట్టాలు ఎడమచేతికి, కుడిచెయ్యి ఖాళీ.

మీ అమ్మ పదింటికి వచ్చింది. చీర కవరు పట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయింది. "ఏంది అన్నా గిది?" అంది. చెప్పాను. చాలాసేపు ఏడ్చింది. తర్వాత లేచి రూతు చేతిలో కవరు పెట్టింది. "నాకెందుకమ్మా గిది?" అంటే, "వదినెకని తెచ్చిన. అన్నను సూసుకుంటున్నవ్ గదా, నువ్వే కట్టుకో" అంది. సంగతి అర్థమై రూతు ఇంకా నవ్వుతూనే ఉంది.

లెక్క మళ్ళీ వేశాను. ఇప్పటికీ నష్టమే. పన్నెండు వేల జీతంలో ఎనిమిది వేలు కిస్తీకి పోతే నువ్వేం తింటావు? అందుకే గోదాంలో సగం అద్దెకిచ్చాను. నెలకు ఐదు వేలు. ఆ సగం మీ అమ్మ పేరున రాయించాను. అద్దె నీ కిస్తీలోకి పోతుంది. నేనున్నా లేకున్నా గోదాం ఉంటుంది.

నిరుడు వానలకు రోడ్డు మునిగిన మంగళవారం, రూతు మోకాళ్ళ లోతు నీళ్ళలో నడిచొచ్చి మా ఏడుగురు రోగులనూ ఈ కుర్చీల్లో కూర్చోబెట్టింది. దాన్ని ఏ లెక్కలో రాయాలో నా ముప్పై ఏళ్ళ వ్యాపారం నాకు నేర్పలేదు. సంతకం పెట్టిన ఫారం మీ అమ్మ చేతికిచ్చాను.

మీ మామ,
సోమనర్సయ్య

తా.క.: వెనకవైపు ఇవాళ్టి అంకె ఒక్కటే ఉంది, 64. పన్నెండింటి గడి ఇంకా ఖాళీ. తూకం ఎక్కేటప్పుడు చెయ్యి పట్టుకుంటానని మీ అమ్మ, పట్టుకుంటే తూకం తప్పుతుందని రూతు, ఇద్దరూ నా ముందే కొట్లాడుకుంటున్నారు.