ఏడో నంబరు, రెండో సగం

8 డిసెంబర్ 2007, శనివారం. సాయంత్రం 7 గంటలు

గెలిచాం. రెండు ఒకటి. జంగారెడ్డిగూడెం వాళ్ళ మీద గెలిచి ఆరేళ్ళయింది. అదీ పాత విద్యార్థులందరూ కుటుంబాలతో వచ్చి షామియానా కింద కూర్చున్న రోజున. ప్రిన్సిపాల్ గారు నా చెయ్యి పట్టుకుని వదలలేదు. తాడేపల్లిగూడెంలో ఫుట్‌బాల్ ఇంకా బతికుందంటే అది సుందరరావు గారి చలవేనండీ అని మైకులో చెప్పారు. పోయినేడు ఇదే నోటితో ఫుట్‌బాల్ ఎవరు చూస్తారండీ, ఎత్తేద్దాం అన్నారు. గెలిచినవాడికి అందరూ చుట్టాలే.

ఇది ఎవరూ చదవరు గనక రాస్తున్నాను. రెండో సగం నేను చూడలేదు.

చీఫ్ గెస్ట్ నిత్యానందం గారు. రైస్ మిల్లు ఓనరు, 1978 బ్యాచ్. ఆయనకు కొల్లేటి కొరమీను పులుసంటే ప్రాణమట. చేప పెదపాడు నుంచి రావాలి. తెచ్చే వ్యాన్ ఏలూరు దాటాక ఎక్కడో ఆగిపోయింది. హాఫ్ టైమ్‌కు రెండు నిమిషాల ముందు ప్రిన్సిపాల్ గారు వచ్చి, ఒక్కసారి చూడండీ మీరు అన్నారు. ఇరవై ఆరేళ్ళ సర్వీసున్న ఫిజికల్ డైరెక్టర్ని. వెళ్ళి గేటు దగ్గర నిలబడి చేప కోసం ఎదురుచూశాను. మ్యాచ్ ఎలా ఉందండీ అని వాచ్‌మన్ నన్నడిగాడు.

వెళ్ళేముందు గ్రౌండ్ పనిచూసే తాతాజీకి కాగితం ఇచ్చాను. అతనికి అంకెలు వచ్చు, అక్షరాలు రావు. జెర్సీ మీద నంబరు చూసి, బాగా ఆడితే టిక్కు, తప్పు చేస్తే ఇంటూ పెట్టు అని చెప్పాను. నేను తిరిగొచ్చేసరికి ఆట అయిపోయింది. పిల్లలు వసీమ్‌ను భుజాల మీద మోస్తున్నారు. రెండో గోల్ వాడిదేనట. అందరి ఒంటి మీదా నిత్యానందం గారు ఇచ్చిన కొత్త జెర్సీలు. ఇంకా మడతలు పోలేదు.

కొరమీను బాగానే ఉందట. నాకు తల ముక్క వచ్చింది.

9 డిసెంబర్, ఆదివారం

చర్చి నుంచి రాగానే మార్కులు వేయడానికి కూర్చున్నాను. గెలిచారు కదండీ, ఈ ఒక్కసారికి పిల్లల్ని వదిలెయ్యకూడదా అని ఎలిజబెత్ అడిగింది. తను ఎలిమెంటరీ స్కూలు టీచరు. అందరికీ గుడ్ పెట్టే ఉద్యోగం. ఓడినప్పుడు ఎవరైనా తిడతారు, గెలిచినప్పుడు తప్పు చూపించేవాడే కోచ్ అన్నాను. తను పచ్చడి నూరుకోవడానికి వెళ్ళిపోయింది.

నా పద్ధతి ఊరందరికీ తెలుసు. ప్రతి మ్యాచ్ తరువాత ఒక్కొక్కడికీ ఎ, బి, సి, డి. పక్కన ఒక్క వాక్యం. సోమవారం పొద్దున స్పోర్ట్స్ రూమ్ ముందు ఎవడిది వాడే లేచి పైకి చదవాలి. చదివాక సంజాయిషీ చెప్పకూడదు. ఒకసారి వేసిన మార్కు ఎవరు చెప్పినా మార్చను. ఎమ్మెల్యే గారి మేనల్లుడికి కూడా మార్చలేదు.

వసీమ్‌కు ఎ. గోలీకి సి. గెలిచాం గాని వాడు గాల్లో బంతిని చూసి కళ్ళు మూసుకుంటాడు.

చిక్కంతా రిజ్వాన్‌తో వచ్చింది. పాత జెర్సీ ఏడో నంబరు. మొదటి సగం నేను చూశాను, వాడి కాళ్ళు ఆగలేదు. బంతి పోగొట్టుకున్నది ఇంకొకడైతే వెనక్కి పరిగెత్తి తెచ్చేది వాడు. చప్పట్లు పడని ఆట. కానీ తాతాజీ కాగితంలో రెండో సగం ఏడుకు తొమ్మిది ఇంటూలు, ఒకే టిక్కు. పెంటపాడు మధుబాబు పదో నంబరు. వాడికి పద్నాలుగు టిక్కులు. నేను నమ్మలేదు. మధుబాబు బంతి కాళ్ళ దగ్గరికి వస్తేగాని కదలడు. కానీ షామియానా కింద ఆడపిల్లలున్నారు కదా, పౌరుషం వచ్చిందనుకున్నాను. మొదటి సగం ఆడింది చాలని రిజ్వాన్ చల్లబడ్డాడనుకున్నాను. అలాంటివాళ్ళను చాలామందిని చూశాను.

ఈసారి మార్కులు ఊరికే పోవు. యూనివర్సిటీ సెలెక్షన్ క్యాంప్‌కు కాలేజీకి ఇద్దర్ని పంపమన్నారు. శుక్రవారంలోగా పేర్లు పంపాలి. యూనివర్సిటీకి ఆడితే సర్టిఫికెట్, సర్టిఫికెట్ ఉంటే స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం. రిజ్వాన్ బి.కాం. ఆఖరి సంవత్సరం, వచ్చే ఏడాది లేదు. వాళ్ళ నాన్న లాల్ బాషా పరుపులు కుట్టి చదివిస్తున్నాడు. ఈ కాగితం చూసేవరకు నా మనసులో రెండో పేరు వాడిదే.

మార్కు మార్కే. రిజ్వాన్: డి. 'రెండో సగం ఒళ్ళు దాచుకున్నాడు.' మధుబాబు: ఎ.

10 డిసెంబర్, సోమవారం

చదివించాను. మధుబాబు తనది చదువుకుని నోరు తెరిచాడు. రిజ్వాన్ గొంతు వెనక వరుసకు వినబడలేదు. మళ్ళీ చదవమన్నాను. చదివాడు. ఎవరో నవ్వారు. వాడు ఏమీ అనలేదు, నా రూలు వాడికి తెలుసు. తల వంచుకుని తన మోకాళ్ళ వైపు చాలాసేపు చూసుకున్నాడు.

సిగ్గు తెలిసినవాడు బాగుపడతాడు అని ఎలిజబెత్‌తో అన్నాను.

11 డిసెంబర్

రిజ్వాన్ ప్రాక్టీసుకు రాలేదు.

12 డిసెంబర్, బుధవారం. మధ్యాహ్నం 3

స్టూడియో అబ్బాయి ఫొటోలు తెచ్చాడు. ప్రిన్సిపాల్ గారి టేబుల్ మీద పెట్టి చూస్తున్నాం. నిత్యానందం గారు జెర్సీలు పంచుతున్న ఫొటో. వెనక స్కోరు బోర్డు మీద ఒకటి ఒకటి. అంటే పంచింది మ్యాచ్ అయ్యాక కాదు, హాఫ్ టైమ్‌లో. తరువాతది ఆట ఫొటో. నేల మీద అడ్డంగా జారుకుంటూ పోయి అవతలివాడి కాళ్ళ మధ్య నుంచి బంతి లాగుతున్నాడు రిజ్వాన్. వీపు మీద పది.

ఫొటో బాగుందండీ అన్నారు ప్రిన్సిపాల్ గారు. బాగుందండీ అన్నాను.

మధుబాబును పిలిపించాను. పదో నంబరు చిన్న సైజొచ్చిందండి, నాకు భుజాల దగ్గర దిగలేదండి, ఏడు పెద్దదుంటే రిజ్వాన్‌తో మార్చుకున్నానండి అన్నాడు. మరి నీకు ఎ వచ్చినప్పుడు ఏమనుకున్నావురా అంటే, సార్ మొదటిసారి నన్ను చల్లగా చూశారనుకున్నానండి అన్నాడు. వాడి మొహంలో కల్మషం లేదు. క్లాసుకు పొమ్మన్నాను.

తాతాజీ సున్నం గీతలు గీస్తున్నాడు. హాఫ్ టైమ్‌లో చొక్కాలు మారాయని చెప్పలేదేమయ్యా అన్నాను. అతను బిత్తరపోయాడు. నంబరు చూడమన్నారండి, మొహం చూడమన్లేదు కదండీ, చొక్కాల సంగతి మీకు తెలుసనుకున్నానండి అన్నాడు. నిజమే. తెలియాల్సినవాణ్ణి నేను. నేను గేటు దగ్గర చేప కోసం నిలబడ్డాను.

ఇంకా రెండు రోజుల టైముంది. రేపు పొద్దున్నే చెప్పేస్తాను.

13 డిసెంబర్

చెప్పలేదు. ప్రిన్సిపాల్ గారి గది దాకా రెండుసార్లు వెళ్ళాను.

14 డిసెంబర్, శుక్రవారం

అన్నీ రాస్తాను.

క్యాంప్‌కు పేర్లు పంపే ఫారం కింద ఒక లైను ఉంటుంది. పై క్రీడాకారుల ఆటను నేను స్వయంగా చూసి ధ్రువీకరిస్తున్నాను అని. ప్రతి ఏడూ కళ్ళు మూసుకుని సంతకం పెట్టే లైను. రాత్రి రెండు ఫారాలు నింపాను. ఒకదాంట్లో వసీమ్, రిజ్వాన్. ఇంకోదాంట్లో వసీమ్, మధుబాబు. రెంటి కిందా సంతకం పెట్టాను. రెండూ ఒకే ఫైల్లో పెట్టుకుని పదిన్నరకు ప్రిన్సిపాల్ గారి గదికి వెళ్ళాను.

లోపల నిత్యానందం గారున్నారు. నన్ను చూసి లేచి నిలబడ్డారు, అంత పెద్దమనిషి. సుందరరావు గారు మార్కు వేస్తే బైబిల్ వాక్యమేనటండీ, మా మిల్లులో సూపర్‌వైజర్లకు మీ గురించే చెప్తున్నానండీ అన్నారు. ఎ వచ్చిందని మధుబాబు వాళ్ళు పెంటపాడంతా స్వీట్లు పంచారట, ఆ సంగతీ ఆయనే చెప్పారు. ప్రిన్సిపాల్ గారు పెన్ను క్యాప్ తీసి చెయ్యి చాపారు.

ఒక్క మాట చాలు. ఆ సగం నేను చూడలేదండీ అంటే సరిపోయేది. మహా అయితే చీవాట్లు. నిత్యానందం గారు నవ్వేవారు. అంతకుమించి ఎవరూ నన్నేమీ చేసేవారు కాదు. ఇంటికొచ్చాక ఇదంతా ఎంత బాగా తెలుస్తోందో.

మధుబాబు పేరున్న కాగితం ఇచ్చాను. ఆయన చదవకుండానే సంతకం పెట్టారు. పదకొండింటికి ఫ్యాక్స్ వెళ్ళిపోయింది.

రెండోది చింపలేదు. ఎందుకు చింపలేదో తెలియదు.

17 డిసెంబర్, సోమవారం

వసీమ్, మధుబాబు పొద్దున్నే విశాఖపట్నం వెళ్ళారు. మధుబాబు స్టేషన్‌లో నా కాళ్ళకు దణ్ణం పెట్టాడు. రిజ్వాన్ వారం నుంచి కాలేజీకే రావడం లేదట.

ఎలిజబెత్‌కు చెప్పాను. ఆ అబ్బాయి దగ్గరికి వెళ్ళండి, నాకు కాదు చెప్పాల్సింది అంది.

19 డిసెంబర్, బుధవారం

వెళ్ళాను. ఎల్లుండి బక్రీదు. కొట్టు నిండా దూది. లాల్ బాషా నన్ను చూసి గబగబా కుర్చీ తుడిచాడు. రిజ్వాన్ వాళ్ళమ్మ మహబూబ్ బీ లోపలి నుంచి టీ పంపింది. తప్పు చేసినవాడికి ఇన్ని మర్యాదలు జరిగితే ఎలా ఉంటుందో ఇవాళ తెలిసింది.

నేను నోరు తెరవకముందే లాల్ బాషా మొదలుపెట్టాడు. మావాడి వల్ల మీకు మాటొచ్చిందండి, అంతమంది పెద్దల ముందు ఒళ్ళు దాచుకున్నాడంటండి, వాడే చెప్పి ఏడ్చాడండి, మా ఇంటావంటా ఆ గుణం లేదండి అన్నాడు. ఇంకా ఏదో అనబోయాడు. ఆగండి బాషా గారూ అని, రిజ్వాన్‌ను కూర్చోమని, ఉన్నదున్నట్టు చెప్పాను. గేటు, వ్యాన్, తాతాజీ, చొక్కాలు. ఫొటో చూపించాను. రెండో ఫారం చూపించాను. ఏదీ దాచలేదు. నీ మార్కు ఎ రా, నేనే తప్పు చేశాను, క్షమించు అన్నాను. ఇరవై ఆరేళ్ళలో ఒక స్టూడెంటుతో ఆ మాట అనడం ఇదే మొదలు.

రిజ్వాన్ ఫొటో చాలాసేపు చూశాడు. నేను బాధపడతానని ఇంత దూరం వచ్చారాండీ అన్నాడు. కాదురా, ఇది నిజం అన్నాను. తల అడ్డంగా ఊపాడు. ఆ రోజు నేనూ బాగా పరిగెత్తాననే అనుకున్నానండి, కానీ మీరు రాశాక పడుకుని మొత్తం మళ్ళీ తలుచుకున్నానండి, రెండు మూడు చోట్ల నిజంగానే నిలబడిపోయానండి, నాకే తెలియలేదండి, మీకు కనబడింది అన్నాడు.

నాకేమీ కనబడలేదురా, నేనక్కడ లేనేలేను అని గట్టిగా అరిచాను. పక్క కొట్టువాళ్ళు తొంగిచూశారు. లాల్ బాషా లేచి నా భుజం పట్టుకున్నాడు. మీరు దేవుడులాంటివారండి, పిల్లాడి కోసం మీ మీద వేసుకోకండి అన్నాడు.

ఫొటో తిరిగి నా చేతిలో పెడుతూ రిజ్వాన్ ఒక్కటే అడిగాడు. మీరు ఎవరి కోసమూ మార్కు మార్చరు కదండీ, నా కోసం మార్చకండి అని.

చదువు సంగతేమిటని అడిగాను. పండగ అయ్యాక చూస్తానండి అన్నాడు. చూడడు. వాడి కళ్ళు చూస్తే తెలిసింది. నేనేం చెప్పినా వాడికి చేరే దారి లేదు. నా మాట మీద వాడికున్న నమ్మకమే అడ్డం. దాన్ని కట్టింది నేను, సోమవారం సోమవారం, ఇరవై ఆరేళ్ళు. ఇక ఎవరితో చెప్పించినా లాభం లేదు.

20 డిసెంబర్

ప్రిన్సిపాల్ గారికి జరిగిందంతా రాసిచ్చాను. చదివి, మడిచి, నా జేబులోనే పెట్టారు. క్యాంప్ మొదలైపోయింది కదండీ, ఇప్పుడెందుకండీ అన్నారు.

22 డిసెంబర్, శనివారం

మధుబాబును మొదటి రోజే ఇంటికి పంపేశారట. ఆ చోటు ఎవరికీ కాకుండా పోయింది.

24 డిసెంబర్, సోమవారం. ఉదయం 10

కేక్ తేవడానికి బజారుకు వెళ్ళాను. మార్కెట్ రోడ్డులో ఎదురుగా రిజ్వాన్, నెత్తిన డబుల్ పరుపుతో నడిచి వస్తున్నాడు. నన్ను చూశాడు. చూడగానే, ఒళ్ళు దాచుకోవడం లేదు చూడండి అన్నట్టు, నా వైపే పరుగెత్తడం మొదలుపెట్టాడు. ఆగరా అని అరిచాను. ఇంకా వేగం పెంచాడు.